కంప్యూటరు మీద జంపఖానా

మా ఇంట్లో గలీబు లేని వస్తువు లేదు. తల కింది మెత్తకు గలీబంటే సరే, లోకమంతా తొడుగుతుంది. మా ఇంట్లో రేడియోకు గలీబు, టీవీకి గలీబు, మిక్సీకి గలీబు, కుట్టుమిషనుకు గలీబు. మా అన్న తన స్కూటరు సీటుకు కంపెనీవాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరును పీలికలయ్యేదాకా ఉంచి, దాని మీద మళ్లీ ఒక గుడ్డ కవరు తొడిగాడు. వస్తువును ఎంత మందంగా కప్పితే దాని మీద అంత ప్రేమ ఉన్నట్టు. మేముండే మట్టెవాడలో అన్నీ మాలాంటి ఇళ్లే. అందుకే ఎనభైల చివర్లో మా ముందుగదిలోకి కంప్యూటరు వచ్చినప్పుడు అది ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. దీనికి గలీబు ఎవరు కుడతారని అడిగారు.

దాన్ని తెప్పించింది మా వదిన. ఆమె అప్పటికే ఆ గదిలో ఆడపిల్లలకు టైపు నేర్పేది. పొద్దున లేస్తే టకటకలే, వీధి చివరిదాకా వినపడేవి. నేను డిగ్రీ ముగించి ఆమెకు సాయంగా ఉండేదాన్ని. సాయమంటే ఎక్కువ భాగం మాట్లాడటమే. నాకు నోరు పెద్దది, ఓపిక చిన్నది. వదినకు ఆ రెండూ తారుమారు.

కంప్యూటరు వచ్చింది గానీ క్లాసు పెట్టాలంటే పర్మిషన్ కావాలి. హైదరాబాద్ నుంచి ఒక ఆఫీసరు వస్తాడు, పిల్లలు తన ముందు కూర్చుని పనిచేసి చూపించాలి, మిషను సరిగా నడవాలి. నడిస్తే క్లాసు. లేకపోతే కంప్యూటరును వెనక్కి పంపేయాలని ఇంట్లో ముందే ఒప్పందం. మా చుట్టుపక్కల ఆడపిల్లలను హైదరాబాద్ పంపి చదివించే ఇల్లు ఒక్కటీ లేదు. వాళ్లకు కంప్యూటరంటే మా ముందుగదే. అది వదినకు తెలుసు, అందుకే ఆ పెట్టెను కంటికి రెప్పలా చూసుకునేది. ఆ గదిలోకి చెప్పులతో ఎవ్వరూ రాకూడదు. మా అన్నయినా సరే గడప దగ్గర విడవాల్సిందే. "నా ఇంట్ల నాకే చెప్పులు బందా?" అని రోజూ గొణిగేవాడు, రోజూ విడిచేవాడు.

వదిన నేతగాళ్లుండే కొత్తవాడ బిడ్డ. వాళ్ల బాపు జంపఖానాలు నేసేవాడు. పెళ్లిపందిట్లో పరుస్తారే, ఆ మందపాటి నూలు జంపఖానాలు. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. బిడ్డనిచ్చిన ఇంటికి ఎంత దూరంగా ఉంటే అంత మర్యాద అనుకునే మనిషి. వారానికోసారి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. చాయ్ అక్కడికే తెచ్చివ్వాలి. ఎంత బతిమాలినా గడప దాటేవాడు కాదు. కంప్యూటరును కూడా అరుగు మీద నుంచే మెడ చాచి చూశాడు.

"గంత పాణం లెక్క చూసుకుంటాన్నవ్. దుమ్ము పడ్తె ఎట్ల బిడ్డా? గలీబు నేను నేస్త," అన్నాడు.

వదిన మురిసిపోయింది. దారంతో కొలతలు తీసి పంపింది. దసరాకు ఆయన తెచ్చాడు చూడండి, అబ్బబ్బ! ఎర్ర అంచు, మధ్యన నీలం, అంచు పొడుగునా చిన్న చిన్న నెమళ్లు. పెట్టె మీద, రెండు పక్కలా, వెనకవైపు బల్లను తాకేదాకా అచ్చు కొలిచినట్టు కూర్చుంది. ముందువైపు మాత్రమే ఖాళీ. దాని మీద మళ్లీ టీవీలాంటి ఆ తెర పెట్టాం. ఇక దాన్ని తీసే పని లేదు. వచ్చినవాళ్లు కంప్యూటరును పక్కనబెట్టి గలీబును మెచ్చుకునేవారు. మామ అరుగు మీద కూర్చుని ఆ మాటలు వింటూ మీసం సవరించుకునేవాడు. మా ఇంట్లోకి ఆయన పంపగలిగిందీ, ఆయన తరఫున లోపల కూర్చున్నదీ ఆ ఒక్క జంపఖానాయే.

ఆఫీసరు వచ్చే ఆదివారం దగ్గరపడింది. పిల్లలు పొద్దంతా మిషను దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే అది మొండికేసింది. బాగా నడుస్తూ నడుస్తూ, చెప్పాపెట్టకుండా టప్పున ఆగిపోయేది. తెర నల్లబడేది, గుయ్యిమనే చప్పుడు పోయేది. టైపు కొట్టినదంతా గంగలో కలిసేది. కాసేపు ఆగి స్విచ్చు నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చేది.

కరెంటు పోయిందనుకుందామా అంటే నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. "పిల్లలు ఏదో తప్పు బటన్ ఒత్తుతాండ్రు" అని నేను వాళ్ల మీద విరుచుకుపడ్డాను. అమ్మ మిరపకాయలు తెచ్చి మిషనుకు దిష్టి తీసింది, ఆ ఘాటుకు గదిలో ఉన్నవాళ్లమందరం దగ్గాం. మా అన్నకైతే పండగే. "మీ పెట్టెకు మూర్ఛరోగం ఉన్నట్టుంది. తాళంచెవి పెట్టి చూడుండ్రి," అన్నాడు.

నేనైతే ఒక్కరోజే అన్నీ మార్చేద్దామన్నాను. ప్లగ్గు మార్చు, స్టెబిలైజర్ మార్చు, బల్ల జరుపు, ప్రింటరు పీకెయ్. వదిన ఒప్పుకోలేదు.

"అన్నీ ఒక్కసారి మారిస్తె ఏది రోగమో ఎట్ల తెలుస్తదే? ఒక్కటొక్కటే చూద్దాం."

"ఆదివారం దాక ఒక్కటొక్కటే చూసుకుంట కూసుంటే ఆఫీసరొచ్చి నెత్తి మీద నిలబడ్తడు వదినె!"

"జర ఆగవే. మా బాపు మగ్గం మీద నెమలి వంకర పోయిందనుకో, వంకర కనబడ్డ కాడ ముట్టుకోడు. తప్పు కనబడ్డ కాడ ఉండదు, అంతకుముందే పడ్తది అంటడు. పేక ఒక్కొక్క పోగే ఇప్పుకుంట ఎనుకకు పోతడు."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె చేసే పని చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. ఒకరోజు ప్లగ్గు మార్చింది, మిగతావన్నీ అలాగే ఉంచింది. మిషను ఆగింది. ప్లగ్గు మళ్లీ పాతచోటే పెట్టి స్టెబిలైజర్ మార్చింది. ఆగింది. ప్రింటరు తీసి చూసింది. ఆగింది. ఆగిన ప్రతిసారీ నేను తల బాదుకునేదాన్ని. ఆమె మాత్రం "ఇది గాదు. మంచిదే," అనేది. కాదని తేలడం కూడా ఆమెకు లాభమే. అంత నిదానం ఆ మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు ఇప్పటికీ అబ్బురమే.

హన్మకొండ నుంచి మెకానిక్కును పిలిపించాం. తెర దించి, గలీబు తీసి, పెట్టె విప్పి, అన్నీ ఊది తుడిచి, మూత అలాగే తీసి ఉంచి నడిపించాడు. డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గినట్టు, ఆ మాయదారి మిషను చక్కగా నడిచింది. చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉంది మేడం. మళ్ల ఆగితె ఖబర్ చెయ్యుండ్రి," అని పోయాడు. మేం మూత పెట్టి, జాగ్రత్తగా గలీబు తొడిగి, తెర ఎక్కించాం. పిల్లలు కూర్చున్నారు. టప్! నేను ఆ పూట తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

శనివారం పొద్దున వదిన నడుస్తున్న మిషను ఎదురుగా పీట వేసుకుని ఊరికే కూర్చుంది. "మెకానిక్ ఉన్నప్పుడు ఏమున్నది, మనం ఉన్నప్పుడు ఏమున్నది?" అని తనలో తానే అనుకుంటోంది. అదే కరెంటు, అదే బల్ల, అదే ప్లగ్గు. ఉన్నట్టుండి లేచి వెనక్కి పోయి, గలీబు మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తీసేసింది. నన్ను కూడా పెట్టమంది. పెట్టాను. రొట్టెల పెనంలా కాలుతోంది.

వదిన తెర దించి గలీబు తీసేసింది. వెనకాల చిన్న ఫ్యాను ఉంది, దాని లోంచి వేడిగాలి సర్రున వచ్చి మా మొహాలకు తగిలింది. నన్ను కూర్చోబెట్టి కొట్టమంది. మధ్యాహ్నందాకా కొట్టాను. ఆగలేదు. నేను ఎగిరి గంతేశాను. "దొరికింది దొంగ! ఇగ ఫికర్ లేదు వదినె!"

వదిన గలీబు తెచ్చి మళ్లీ తొడగడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తానవ్? పిచ్చా? నడుస్తాంది గద!"

"మళ్ల కప్పి చూడాలె."

"ఎందుకు?"

"ఇది నిజంగ బాపు గలీబు తప్పేనా, కాదా తెల్వాలె. మంచిగ తెల్వకుంట ఆ మనిషి మీద వెయ్యొద్దు."

కప్పింది. పక్కన నిలబడి చూస్తూ ఉంది. అది నడవాలని ఆమె కోరుకుంటోందని నాకు మొహం చూస్తే తెలిసింది. ఏ ప్లగ్గుదో, ఏ తీగదో తప్పయి, బాపు జంపఖానా నిందలోంచి బయటపడితే బాగుండునని. చాలాసేపు నడిచింది. తర్వాత తెర నల్లబడింది. వదిన కళ్లు తుడుచుకుని, గలీబు తీసి, నలగకుండా మడతపెట్టి కుర్చీ మీద ఉంచింది. ఆ క్షణాన ఆమె మీద నాకు పుట్టిన గౌరవం మళ్లీ తగ్గలేదు.

ఆదివారం పొద్దున్నే మామ వచ్చాడు. తెల్లధోవతి, ఇస్త్రీ అంగీ. అరుగు మీద నుంచి మెడ చాచి చూశాడు. పెట్టె బోసిగా ఉంది.

"ఉతికి ఆరేసినమని చెప్పు," అని నేను వదిన చెవిలో ఊదాను. ఆమె వినలేదు. బయటికి పోయి ఆయన పక్కన కూర్చుంది.

"బాపూ, నీ గలీబు తీసేసిన. అది కప్పితె మిషిను ఆగిపోతాంది. లోపట వేడి పుడ్తది, ఎనుక ఫ్యాను దాన్ని బయటికి పంపాలె. మనది దట్టమైన నేత, గాలి పోతలేదు."

ఆయన బోసి పెట్టె వైపు మళ్లీ చూశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"మంచిగ చూసినవా?"

"తీసి చూసిన. మళ్ల కప్పి గూడ చూసిన."

"గట్లైతె నా నేతదే తప్పు," అన్నాడు. "దుమ్ము పోవద్దని ఇంకింత దట్టంగ కొట్టిన. దాని ముక్కు నేనే మూసిన." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నేను చాయ్ ఇస్తే పక్కన పెట్టేశాడు.

ఆఫీసరు వచ్చాడు. బూట్లు గడప దగ్గరే విడిచాడు, మంచి మనిషే. పిల్లలు కూర్చున్నారు. మిషను నడుస్తోంది. ఆయన అటూ ఇటూ చూసి, కుర్చీ మీది జంపఖానాను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంత మంచి గలీబు పక్కన పెట్టిండ్రేందమ్మా? దుమ్ము పడ్తె మిషిను ఖరాబైతది. మా ఆఫీసుల ఎప్పుడు కప్పే ఉంచుతం. నడువనీయుండ్రి, మీదికెళ్లి కప్పుత," అంటూ ఆయనే తెర మీద నుంచి వెనకవైపు వేలాడేలా పరిచేశాడు.

వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. పర్మిషన్ ఆయన చేతిలో ఉంది, కాదంటే ఏమనుకుంటాడో. బాపు ఆ తలుపు బయటే ఉన్నాడు, ఇప్పటికే ఒకసారి చెప్పిన మాట పదిమందిలో మళ్లీ ఎలా చెప్పడం? మహా నోరున్న నేనూ గలీబు వైపు, తెర వైపు మార్చి మార్చి చూస్తున్నాను. పిల్లలు కొడుతూనే ఉన్నారు.

"వద్దు సారూ!"

అందరం తిరిగి చూశాం. మామ నాలుగు అంగల్లో వచ్చి జంపఖానాను లాగి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది నేను నేసిందే సారూ. ఇది కప్పితె దానికి గాలాడది, ఆగిపోతది. నా బిడ్డ తీసి చూసింది, కప్పి చూసింది. దుమ్ము పడ్తె పడనీయుండ్రి, తుడ్సుకుంటరు."

ఆఫీసరు వదిన వైపు చూశాడు. ఆమెకు అప్పుడు మాట వచ్చింది. మొదటినుంచీ ఒక్కొక్కటే చెప్పింది. ఆయన విని పకపకా నవ్వాడు. "మా ఆఫీసుది గూడ మధ్యాహ్నం కాంగనే ఆగుతదమ్మా! కరెంటోన్ని తిట్టుకుంట కూసున్నం," అన్నాడు. పర్మిషన్ వచ్చినట్టేనని ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

అప్పుడు గానీ మామ కిందికి చూసుకోలేదు. తను మా ముందుగది నడిమధ్యలో ఉన్నాడు. చెప్పులతో సహా. "అయ్యో, తప్పయింది బిడ్డా," అంటూ వెనక్కి అడుగేశాడు.

వదిన వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. చంకలోని జంపఖానా తీసుకుని కుర్చీ మీద పరిచింది.

"ఉండు బాపూ. చెప్పులు ఉండనీ. కూసో."

కూర్చున్నాడు. నేను లోపలికి పరుగెత్తి చాయ్ వేడిచేసి తెచ్చాను. అక్కడే కూర్చుని తాగాడు.