రెండడుగుల వెడల్పు

పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని సౌ లిన్ ఆసుపత్రి మంచం మీద ఉన్న వారంలోనే ఆమె అన్న కామ్ వెంగ్ ఆమె చేపను అమ్మేశాడు. ఇంటికి తిరిగొచ్చి, ఖాళీ తొట్టిని చూసి, పొట్ట మీది కుట్లు పట్టుకునే ఆమె అన్న మోటారు సైకిళ్ళ షెడ్డుకు వెళ్ళింది. అతను గొలుసుకు నూనె రాయడం ఆపలేదు.

"చేపేగా. నువ్వు పోతే దానికి మేత ఎవరు వేస్తారని."

"నేను పోలేదుగా అన్నా."

"అదృష్టం," అన్నాడు కామ్ వెంగ్. చేపల సంతలో ఎవరో దళారి అడిగాడట, ఇచ్చేశాడట. అది ఎక్కడికి పోయిందో తెలియదన్నాడు. ఆ డబ్బు గురించి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

అది లువోహాన్ చేప. నుదుటి మీద కోడిగుడ్డంత బుడిపె, ఎర్రటి ఒళ్ళు, పక్కన సిరా ఒలికినట్టు నల్ల మచ్చల వరస. ఆ ఏడు ఇపో ఊరంతా లువోహాన్ పిచ్చిలో ఉంది. మచ్చల్లో అక్షరాలు చదివేవాళ్ళు, లాటరీ నంబర్లు వెతికేవాళ్ళు, బుడిపె పెరగాలని తొట్టి ముందు అద్దం పెట్టి చేపకు కోపం తెప్పించేవాళ్ళు. సౌ లిన్‌కు ఆ గోల పట్టేది కాదు. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చుకుంది. అది అడుగు దాటింది. నుదురు చూసి "తాతయ్య" అని పిలిచేది. అంతకు మించి ఆమె జీవితంలో ఎవరినీ ముద్దుపేరుతో పిలిచినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఇపో పక్కనే ఉన్న మెంగ్లెంబులో తండ్రి వదిలిపోయిన గాజు కొట్టు ఆమెది. కిటికీ పలకలు, బీరువా తలుపులు, ఈ మధ్య ఎక్కువగా చేపల తొట్లు. కొట్టు వెనక గదిలోనే వంట, పడక. నిలబెట్టిన గాజు పలకల మధ్య నుంచి పక్కకు తిరిగి నడవాలి. అందుకే ఊరందరికీ పెద్ద తొట్లు చేసిన మనిషి తన చేపను మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాత తొట్టిలో ఉంచింది. అది తిరగాలంటే ముందు వెనక్కి ఈదాలి. వచ్చే నెల చేద్దాం, పై నెల చేద్దాం అనుకుంటూ ఉండగా ఇలా జరిగింది.

కుట్లు మానాక ఒక రోజు బియ్యం టోకు వ్యాపారి ఖో టేక్ హువాట్ కొట్టుకు వచ్చాడు. బజారులో అందరూ ఆయన్ని తౌకే అంటారు, అంటే యజమాని.

"పెద్ద తొట్టి కావాలమ్మాయ్. రాక్షసుణ్ణి కొన్నాను."

"లువోహానా?"

"మా వాస్తు గురువు తొట్టిలో తొమ్మిది చేపలుండాలన్నాడు. వీడికి తోడు ఎనిమిది బంగారు చేపలు తెచ్చి వేశాను. సాయంత్రానికి ఒక్కటే మిగిలింది."

"ఏది మిగిలిందో అడగక్కర్లేదు."

"నవ్వు, నవ్వు. వడపోత గొట్టం కొరికి విరగ్గొట్టాడు. మూత తన్ని నేల మీద పడ్డాడు. మా ఆవిడ చీపురుతో నీళ్ళలోకి తోస్తే ఆ చీపుర్నీ కరిచాడు."

సౌ లిన్ కొలతల టేపు చుట్టడం ఆపింది. "ఎడమ పక్క, తోక దగ్గర మచ్చ తెగి ఉంటుందా?"

"నీకెలా తెలుసు?"

"చాలా వాటికి ఉంటుంది," అని అబద్ధం చెప్పింది.

కొలతలు తీయాలన్న వంకతో బయలుదేరింది కానీ, చేపను వెనక్కి తెచ్చుకోవడానికే వెళ్ళింది. ఏ మాట ముందు అనాలో దారంతా అనుకుంటూ పోయింది. బియ్యం కొట్టులో బస్తాల మధ్య, అరువు తెచ్చిన తొట్టిలో తాతయ్య ఉంది. ఆమె చెయ్యి ఇంకా దూరంగా ఉండగానే అద్దం దగ్గరకు వచ్చి నిలబడింది.

"అదిగో, నిన్నూ తినేస్తాడు," అన్నాడు ఖో.

సౌ లిన్ చేపను చూసింది. తరవాత స్తంభం పక్క ఖాళీని చూసింది. గట్టి సిమెంటు నేల. ఎండ పడదు. ఐదడుగుల పొడవు తొట్టి సుఖంగా పడుతుంది. తన గదిలో అంత చోటు రావాలంటే గాజు పని మానెయ్యాలి. "ఇది నాది" అంటే ఈ పెద్దమనిషి ఇచ్చేస్తాడు. ఇస్తే అది తిరిగి ఆ అడుగు వెడల్పులోకే వెళుతుంది. ఆమె నోరు తెరవలేదు. టేపు తెరిచింది.

"వెడల్పు పదహారంగుళాలు," అన్నాడు ఖో. ఆయన చేతిలో వాస్తు గురువు ఇచ్చిన టేపు ఉంది, ఎర్ర గళ్ళు మంచివి, నల్ల గళ్ళు చెడ్డవి. "ఎరుపు మీద పడింది చూడు."

"చేప అడుగు పైన ఉంది తౌకే. ఇంకా పెరుగుతుంది. పదహారంగుళాల్లో నడుం తిప్పలేదు."

"తిరిగి ఏం చూస్తాడు? అటూ గోడే కదా."

"మీరు ఒక నెల మెట్ల కింద పడుకుని చెప్పండి. రెండడుగులు పెట్టుకోండి. అదీ ఎరుపే, చూడండి."

ఖో కళ్ళజోడు ఎత్తి చూశాడు. ఎరుపే. "రెండడుగులైతే కౌంటరు జరపాలి. కౌంటరు జరిపితే గల్లాపెట్టె దూలం కిందకి వస్తుంది. దూలం కింద డబ్బు నిలుస్తుందా?"

"దూలం పైకప్పును మోస్తోంది. మీ డబ్బు సంగతి దానికెందుకు?"

"నువ్వు గాజు కొయ్యి తల్లీ. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. పదహారు."

"సరే," అంది. కాదంటే ఆయన ఇంకొకరి దగ్గరకు వెళతాడు, వాళ్ళు పదహారంగుళాలే చేస్తారు, అదీ పల్చటి గాజుతో.

ఆమె ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున చేసింది. మందం గాజు. తాతయ్య గుద్దే చోటు తెలుసు కనుక మూలల్లో సిలికాన్ జిగురు రెండు పూతలు వేసింది. అడుగున రాళ్ళు వద్దనుకుంది, అది తవ్వి అద్దానికేసి విసురుతుంది. మూతకు ఇనుప బద్దలు బిగించింది. నీళ్ళు నింపి చెమ్మ ఎక్కడైనా ఊరుతుందేమో చూసింది. ఎక్కువ పట్టిన గాజు తన ఖాతాలోనే వేసుకుంది.

చైనా కొత్త సంవత్సరానికి ముందు వారం, ఖో కొట్టు నిండా జనం ఉన్న పూట, లారీలో తెచ్చి గుమ్మం ముందు దింపించింది. తొట్టికి ఎర్ర కాగితం అంటించి ఉంది. అడుగున రెండు బకెట్ల నీళ్ళు కదులుతున్నాయి.

ఖో కౌంటరు వెనక నుంచే కేకేశాడు. "ఇది నేను చెప్పింది కాదు!"

"కాదు."

"తీసుకుపో!"

"తీసుకుపోతాను తౌకే. పండగ ముందు గుమ్మం దాకా వచ్చిన నీళ్ళు. వెనక్కి తొయ్యమని మీ నోటితో అనండి, అందరూ వింటారు."

నీళ్ళంటే సిరి అని అక్కడ అందరికీ తెలుసు. నారింజపళ్ళ బుట్టతో ఉన్న ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. "లోపలికి తీసుకోవయ్యా! వచ్చిన నీళ్ళని తరిమేస్తావా? మతి పోయిందా నీకు?"

"ఆయనకు అక్కర్లేకపోతే మా ఇంటికి తోలించమ్మా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఖో ముఖం కందగడ్డయింది. "నువ్వు గాజు కోసేదానివి కాదే, గొంతులు కోసేదానివి," అన్నాడు. కౌంటరు మాత్రం జరిపించాడు. గల్లాపెట్టె దూలం కిందకి వచ్చింది.

తాతయ్య మొదటి రోజు ఒక మూల నక్కింది. మర్నాడు రెండు వైపులా అద్దం తగలకుండా గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. సౌ లిన్ అది చూసి వెళ్ళిపోయింది.

రెండేళ్ళకు ఆ వీధి చివర పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చింది. ఖో బియ్యం అమ్మకాలు పడిపోయాయి. గాజుపిల్ల తన డబ్బు నెత్తిన దూలం పెట్టిందని ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. సూపర్‌మార్కెట్‌ను తిట్టడం కన్నా అది తేలిక. ఆ బజారు వ్యాపారులు ఆమెకు పని ఇవ్వడం మానేశారు. లువోహాన్ పిచ్చి కూడా వదిలింది. జనం చేపల్ని తీసుకెళ్ళి పాత తగరపు గనుల చెరువుల్లో పారేశారు. ఆమె చేసిన తొట్లలో ఎండు రొయ్యలు నిలవ చేసుకున్నారు. ఆమె మళ్ళీ కిటికీ పలకలకు దిగింది.

ఖో మాత్రం తన చేపను పారెయ్యలేదు. తిట్టుకుంటూనే రోజూ రొయ్యలు ఒలిచి వేశాడు. సౌ లిన్ అప్పుడప్పుడు వెళ్ళి కిలో బియ్యం కొనేది. మొదటి ఏడాది తాతయ్య ఆమె చేతికి వచ్చేది. తరవాత ఖో చేతికే వెళ్ళేది. ఆమె బియ్యం తీసుకుని వచ్చేసేది.

చేప ముసలిదై చచ్చిపోయింది. అదే ఏడు ఖో కొట్టు మూసేస్తూ, తొట్టి తీసుకుపొమ్మని ఆమెకు కబురు పెట్టాడు. వాళ్ళిద్దరూ ఆఖరుసారి కలిసింది అప్పుడే. ఆమె గొట్టం పెట్టి నీళ్ళు బయటకు లాగుతుంటే, ఆయన ఖాళీ బస్తా మీద కూర్చుని చూశాడు.

"కాఫీ కొట్టులో మీ అన్న కలిశాడు. నవ్వుతూ చెప్పాడు. ఆ చేప నీదటగా."

"అవును."

"ఆ రోజే చెప్పుంటే దొంగసొత్తు ఇంట్లో ఉంచుకుంటానా? ఆ పూటే తెచ్చి నీ చేతిలో పెట్టేవాణ్ణి."

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా! అప్పుడే ఇచ్చేసి ఉంటే ఎంత మంచిదయ్యేది!"

"మంచిదే తౌకే," అంది సౌ లిన్. "నాకు."