ఆరనిచ్చిన కర్పూరం

భవానీపురంలో మా పక్క ఫ్లాటువాళ్ళు పొద్దున్నే కర్పూరం వెలిగిస్తారు. ఆ వాసన వరండాలోకి రాగానే నా కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుపోతుంది. హైకోర్టును గడగడలాడించిన చెయ్యి ఇది. మనవళ్ళతో అలాగే చెబుతుంటాను. నిజానికి హైకోర్టులో వాయిదాలు అడగడం తప్ప నేను పెద్దగా చేసిందేమీ లేదు. చెయ్యి ముడుచుకోవడం మాత్రం నిజం. దానికి కారణం, నేను జూనియరుగా చేరిన లాయరు ఆశీర్వాదం గారు.

ఆయన ఆదివారం చర్చికి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ ఈస్టిండియా కుంపిణీ దొరల కాలంనాటి రెగ్యులేషన్లలో కాపురముండేవారు. బెజవాడ కోర్టు నుంచి రిక్షాలో వస్తూ, ఉన్నట్టుండి "ముచ్చలికా అంటే ఏమిటోయ్?" అనేవారు. ఫలానాదానికి కట్టుబడతానని రాసిచ్చే కాగితమని ఠక్కున చెప్పాలి. తప్పు చెబితే తిట్టరు, మాట్లాడ్డం మానేస్తారు. ఒకసారి ధైర్యం చేసి, "ఈ పాత మాటలు మనకిప్పుడు ఎందుకండీ?" అని అడిగాను. "వాటి కింద జనం ఎట్లా భయపడ్డారో తెలియకపోతే, నీ ఎదురుగా కూర్చున్న క్లయింటు ఎందుకు వణుకుతున్నాడో నీకేం తెలుస్తుంది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. తలూపాను.

చల్లపల్లి దగ్గరి పల్లెలో సీతారావమ్మ అనే ఆవిడ తరఫున మాకో కేసుండేది. ఆమె భర్త పోయాక, ఉంటున్న ఇల్లు తనదంటూ మరిది బసవయ్య దావా వేశాడు. నిజం తెలిసిన ఊరి పెద్దమనుషులు కోర్టుకు రామన్నారు. గుళ్ళో తేల్చుకోమన్నారు. సీతారావమ్మ మనవణ్ణి ఎత్తుకుని, ఇల్లు తనదేనని చెప్పి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. అబద్ధమైతే ఆ ఒట్టు బిడ్డకు తగులుతుందని వాళ్ళ నమ్మకం. ఆర్పకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి.

వేలమంది పోగయ్యారు. వేలు కాదులెండి, ఊళ్ళో పొలం పనికి పోనివాళ్ళంతా వచ్చారు. పూజారి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. సీతారావమ్మ చెయ్యి చాచి, వెనక్కి లాక్కుంది.

"ఇల్లు నాదేనండీ. కానీ నిన్నటినించీ పిల్లోడికి జొరం. ఈడి మీద ఎట్టా ఒట్టేసేదండీ?"

"చూశారుగా," అన్నాడు బసవయ్య. "చెయ్యే రావట్లా. ఇంకేం కావాలండీ?"

నేను ఆశీర్వాదం గారి చెవిలో, "నిజమైతే భయమెందుకండీ? అబద్ధమేమో" అన్నాను. ఆయన నాకేసి చూసిన చూపు ఇప్పటికీ నా వీపుకు తగులుతుంది.

"బసవయ్యా, నీ వెనకున్న నీ కూతురు నీళ్ళోసుకుందటగా," అన్నారాయన. "ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నువ్వు ఆర్పు." తర్వాత సీతారావమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఆయన ఆర్పితే ఇల్లు వదిలేస్తావా? నీకిష్టమైతేనే" అని అడిగారు.

ఆమె పిల్లవాణ్ణి గట్టిగా హత్తుకుంది. "ఆర్పగలిగితే తీసుకోమనండి."

బసవయ్య నవ్వుతూనే ముందుకొచ్చి కూతురి మణికట్టు పట్టుకున్నాడు. రెండో చెయ్యి మంట మీదికి పోయింది. ఆ అమ్మాయి, "నాన్నా, వద్దు" అంది, అంతే. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కిందికి దిగలేదు, పక్కకీ రాలేదు. మంట చిన్నదవుతుంటే పూజారి ఇంకో బిళ్ళ వెయ్యబోయాడు.

"వద్దండీ. దాన్ని ఆరనివ్వండి," అన్నారు ఆశీర్వాదం గారు.

అది ఆరేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడాయన పెద్దమనుషులతో, "ఇద్దరికీ బిడ్డలంటే భయమే. అందులో ఇల్లెవరిదో తేలదు. కుంపిణీ కోర్టుల్లో గంగాజలం చేతికిచ్చి ఒట్టు పెట్టించేవాళ్ళు. పరువుగలవాళ్ళు ఆ ఒట్టుకు జడిసి సాక్ష్యానికే వెనకాడారు. చివరికి దొరలే ఆ నీళ్ళు పక్కనపెట్టి, నిజం చెబుతానంటే చాలన్నారు. మీరూ చూసింది చెప్పండి, చాలు" అన్నారు.

వాళ్ళలో ఒక ముసలాయన ముందుకొచ్చాడు. "ఆ ఇంటికి తన డబ్బుతో తాటాకు నేయించింది ఆవిడేనండీ. కూలోళ్ళని మాట్లాడిపెట్టింది నేనే. కోర్టుకొచ్చి చెప్తా." వచ్చాడు, చెప్పాడు. ఇల్లు ఆమెకు నిలిచింది.

ఆ రోజు పెద్దమనుషుల్ని నిలదీసింది నేనేనని చాలా ఏళ్ళు బార్ రూములో చెప్పుకున్నాను. నేనప్పటికే జరిగి జరిగి ధ్వజస్తంభం చాటుకు పోయాను. తిరుగు బస్సులో మాత్రం ఆయన పక్కనే కూర్చున్నాను. "అతను ఆర్పేసి ఉంటే ఏం చేసేవాళ్ళమండీ?" అని అడిగాను. ఆయన తన చెయ్యి నా ఒళ్ళో పెట్టారు. నా కుడిచేత్తో పట్టుకున్నాను, మంచుగడ్డలా ఉంది. ఉయ్యూరు దాటినా వణుకుతూనే ఉంది. నాకు అంతవరకూ దేవుడి తర్వాత భయమెరగని మనిషి ఆయనే.

తర్వాత నేనూ ఎందరో సాక్షుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. భయపడకమ్మా అని ఎవరితోనూ అనలేదు. మంచినీళ్ళిచ్చి, వాళ్ళ చేతులు కుదుటపడేదాకా ఫైలు తెరవకుండా కూర్చునేవాణ్ణి. "ఇంతసేపు ఏం చేస్తున్నారండీ?" అని గుమాస్తా విసుక్కునేవాడు.

ఇప్పుడూ అంతే. పక్కింటి వాసన పోయేదాకా వరండాలోనే కూర్చుంటాను. అప్పుడు చెయ్యి మెల్లగా విచ్చుకుంటుంది.