గాలికి ఎదురు తిరిగిన ఫ్యాను

మా చిన్నకూతురికి చిన్నప్పటినుంచి ఎడమకాలిలో బలం లేదు. క్లచ్చు తొక్కలేదు. అందుకని గేర్లు వాటంతటవే మారే కారు, పాతదే, వెతికి కొన్నాము. నడిపేవాళ్లు కాక ఏడుగురు పడతారు. దాన్ని బనగానపల్లెలో బాడుగలకు తిప్పుతుంది. ఆడపిల్ల నడిపే బండా అని వెనకాడినవాళ్లే ఇప్పుడు పెళ్లిచూపులకూ, కాన్పులకూ నా కూతురినే పిలుస్తారు.

ఎగువ అహోబిలం దారిలో మాత్రం ఆ కారు మొండికేసేది. నిండా మనుషులు, పైన ఎండ, మలుపు తర్వాత మలుపు. గేరుపెట్టెలో నూనె కాగిపోయి స్టీరింగు ముందర ఎర్రలైటు వెలిగేది. పక్కన ఆపి గంటసేపు చల్లారనివ్వాలి. మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లను గంటసేపు రోడ్డుమీద నిలబెడితే మళ్లీ పిలుస్తారా? మూడోసారి ఆగినప్పుడు నా పెద్దకొడుకు తేల్చి చెప్పేశాడు: ఇంకొక్కసారి ఆగితే కారు అమ్మేద్దాం, చెల్లెలికి ఇంట్లోనే చీరల అంగడి పెట్టిద్దాం అని. కూతురు అన్నం సగంలో వదిలి లేచిపోయింది. చిన్నప్పుడు బడికి ఎవరో ఒకరు ఎత్తుకుపోతేనే పోయిన పిల్ల. ఇప్పుడు తానే ఏడుగురిని కొండెక్కిస్తోంది. దాన్ని మళ్లీ ఇంట్లో కూర్చోమంటే ఎట్లా?

కార్లు బాగుచేసే షెడ్డు మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. కారుతో పాటు రాని కూలరొకటి బయట దొరుకుతుందట. చూడటానికి జాలీలాంటి చిన్న అల్యూమినియం పలక. గేరునూనె రబ్బరు గొట్టంలో దానిలోకి వచ్చి, చల్లబడి, ఇంకో గొట్టంలో వెనక్కి పోతుంది. దాని ముందర కరెంటు ఫ్యాను. నూనె కాగితే తనంతట తానే తిరుగుతుంది. కర్నూలునుంచి తెప్పించాడు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అయినా మన వస్తువు ఎవరైనా విప్పుతుంటే దగ్గరుండి చూడవలసిందే. ఊరికే కూర్చోవడం ఎందుకని చాట, చెరగవలసిన శనగలు వెంట తీసుకుపోయాను. మేస్త్రీ బంపరు విప్పి, రేడియేటరు ముందర కూలరును, దాని ముందర ఫ్యానును బిగించాడు. గొట్టాలకు మంచి క్లిప్పులే వేయమన్నాను. నూనె కారితే మొదటికే మోసం. వైరు దగ్గర మాత్రం అడ్డుపడ్డాను.

"కొత్త వైరు యాలప్పా? కళ్లంలో లైటుకేసింది సంచిలో ఉండాది, తీసుకో."

రెండు పోగుల వైరు అది. రెండూ నల్లవే. మేస్త్రీ దాన్ని తిప్పి తిప్పి చూశాడు, నా ముఖం చూశాడు, అట్లాగే కలిపేశాడు.

బరువుకోసం నాలుగు శనగమూటలు వేసుకుని యాగంటి వైపు ఎత్తుదారిలో పైకీ కిందికీ తిరిగాము. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. అయినా ఎర్రలైటు వెలిగింది. ఇక గేరుపెట్టే అరిగిపోయి ఉంటుంది, దించి చూడాలి అన్నాడు మేస్త్రీ. కూతురు స్టీరింగు మీదనుంచి చేతులు తీయలేదు.

"అన్నకు ఫోన్ చెయ్ మా. అమ్మేయమను."

షెడ్డుకు తిరిగి వచ్చాక మేస్త్రీ మళ్లీ బంపరు విప్పాడు. ఇంజను ఆపలేదు, ఫ్యాను తిరుగుతోంది. వాళ్లిద్దరూ పక్కన నిలబడి గేరుపెట్టె సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను ఊరికే ఉండలేక కారు ముందర, దానివైపు తిరిగి కూర్చుని శనగలు చెరగసాగాను. ముందుకు పడవలసిన పొట్టు నా ముఖంమీదికే వస్తోంది. అటూ ఇటూ చూశాను, బయట ఆకు కదలడం లేదు. గాలి కారులోంచే వస్తోంది.

కళ్లంలో తూర్పార పట్టేముందు చిటికెడు పొట్టు వదిలి గాలివాటం చూస్తాము. అట్లాగే లేచి ఫ్యాను ముందర చిటికెడు వదిలాను. నేరుగా నా ముక్కుమీద పడింది.

"ఏమప్పా, ఇట్ల రా. కారు ముందుకు పోతాంటే గాలి యాడికి పోవాల?"

"లోపలికి, పెద్దమ్మా."

"ఇది బయటికి ఊదుతాండాది. గాలికెదురు నిలబడి ఎవురన్నా తూర్పార పడతారా?"

మేస్త్రీ నమ్మలేదు. వంగి ముఖం దగ్గరగా పెట్టాడు. ఈసారి గుప్పెడు వదిలాను. పొట్టంతా మీసాలకు అంటుకుంది. పొద్దుటినుంచి ముఖం ముడుచుకున్న నా కూతురు పకపకా నవ్వింది.

మీసాలు తుడుచుకుంటూ అన్నాడు: "వైర్లు తారుమారైనాయి, ఫ్యాను ఎనక్కి తిరుగుతాండాది. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది ఉంటే నాకు తెలిసేది. ఈ వైరు ఎవురిచ్చినారో కనుక్కో పాపా."

నేను శనగల్లో రాళ్లు ఏరుతూ ఉండిపోయాను. కాసేపటికి, కొత్త వైరు తెప్పించమని నేనే చెప్పాను. అది వేశాక వదిలిన పొట్టు గాలితో పాటు లోపలికే పోయింది. ఇంక చాలు, జాలీ పూడిపోతుందని మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు.

మూడోరోజు అహోబిలానికి బాడుగ వచ్చింది. తిరుగుదారిలో ఆళ్లగడ్డలో దిగిపోయే ఆరుగురూ, ముందు సీట్లో నేనూ. వాళ్లు గోవిందలు పెడుతుంటే నేను ఎర్రలైటు చోటే చూస్తూ కూర్చున్నాను. నరసింహస్వామి క్షమించాలి. మలుపుల్లో ఫ్యాను అందుకుంది. కూతురు ఒక్కసారి నా వైపు చూసి మళ్లీ దారి చూసుకుంది. పైకి చేరేవరకూ లైటు వెలగలేదు.

బండి దిగకముందే అన్నకు ఫోన్ చేసింది. "పైన ఉండా. యాడా ఆగలేదు." వాడు ఆదివారం తన అత్తగారివాళ్లను మహానందికి తీసుకుపోవాలని, కారు ఖాళీయేనా అని అడిగాడట. వేరే బాడుగలు చూసుకుని చెప్తానంది నా కూతురు.

తిరిగివచ్చేటప్పుడు ఆళ్లగడ్డలో వాళ్లు దిగిపోగానే ఏడుగురి కుటుంబమొకటి మూటాముల్లెతో ఎదురొచ్చి నంద్యాలకు వస్తారా అని అడిగింది. కూతురు నా సీటు వైపు చూసింది.

"మా, నీకు బస్సుండాది గదా."

ఇప్పుడు బస్సులో ఆడవాళ్లకు టికెట్టు కొనే పనిలేదు. సంచి తీసుకుని దిగాను.