తొట్లో నానిన ఫిడేలు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎండాకాలం వచ్చిందని ముందుగా తెలిసేది మనుషులకు కాదు, కొయ్యకు. తలుపులు కుంచించుకుపోయి గడియ అందేది కాదు. మంచం కోళ్లు కిర్రుమనేవి. బండి చక్రాల ఇనుప పట్టా వదులై గడగడలాడేది. మా అత్త ఫిడేలుకైతే తీగలు చుట్టే బిరడాలు నిలిచేవి కావు. తీగ బిగించి వేలు తీయగానే గిర్రున వెనక్కి తిరిగేవి. (ఎండిన కొయ్య తీరే అంతని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఫిడేలుకు మా మీద కోపం వచ్చిందనుకునేదాన్ని.)

మైదుకూరు దగ్గర పల్లె మాది. ఆడపిల్లను మైదుకూరు దాకా బడికి పంపడానికి నాయనకు ధైర్యం చాలక, నా చదువంతా ఇంట్లోనే, మేనత్త ఒడిలోనే సాగింది. ఆ భాగ్యానికి ఈనాటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. అత్త భర్త, అంటే మా మామ, హరికథలకు ఫిడేలు వాయించేవాడు. ఆయన పోయాక అత్త ఒక ట్రంకు పెట్టె, ఆ ఫిడేలు పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. రోజూ పొద్దున దీపం పెట్టి, మామ నేర్పిన నాలుగు కీర్తనలు వాయించేది. ఫిడేలు మెడ మీద ఆయన బొటనవేలు జారినంత మేరా రంగు పోయి, కొయ్య నున్నగా అరిగి ఉండేది. అత్త వేలు కూడా ఆ దారినే పోయేది.

ఒక వేసవిలో కర్నూలు నుంచి మామ వాళ్ళ అన్న ఉత్తరం రాశాడు. ఫిడేలు తమ ఇంటి వస్తువనీ, పల్లెలో మూలన పడి పాడవడం కంటే తన కొడుకు నేర్చుకుంటాడనీ, ఆదివారం వచ్చి తీసుకుపోతాననీ.

“ఇచ్చేయ్ మే, పోనీ. శ్రుతి నిలవని దాన్ని పెట్టుకోని ఏం జేస్తావ్?” అంది జేజి, నాయన వాళ్ళమ్మ.

“వాయించే చెయ్యి లేకుంటే అది మూగబోతాది అమ్మా. ఆ పిల్లోడు రెండు నెల్లు గీకి అటకెక్కిస్తాడు,” అంది అత్త. మళ్ళీ తనే, “ఆదివారానికి బిరడాలు నిలిస్తే బావ ముందర వాయించి, ఈడనే ఉంచమని అడుగుతా. నిలవకుంటే ఆయనదే న్యాయం. తీస్కపోనీ,” అంది. ఆ మాట అంటూ ఫిడేలు మెడ మీద అరిగిన చోటును కొంగుతో తుడిచింది.

శనివారం సాయంత్రం నాయన బండి చక్రాన్ని నీళ్ళ తొట్లోకి దించుతున్నాడు.

“ఎందుకు నాయనా నానేస్తాండావు?”

“కొయ్యకు దప్పికయితాది పాపా. తెల్లార్లూ నీళ్లు తాగితే ఉబ్బి బిగుసుకుంటాది. పట్టా ఇంక కదల్దు.”

సాక్షాత్తూ రాములవారే నాయన నోట ఉపాయం పలికించాడనుకున్నాను. (ఈ నేరంలోకి ఆయన్ను లాగినందుకు ఇప్పటికీ లెంపలేసుకుంటాను.) ఎవరూ చూడకుండా ఫిడేలు తీసి చక్రం పక్కన తొట్లో పెట్టి, దాని ఖాళీ పెట్టెకు మూత వేసేశాను. ఫిడేలు తేలుతుంటే తడి గోనెపట్ట కప్పి, రెండు ఇటుకలు బరువు పెట్టాను. తొట్టి చుట్టూ మూడు ప్రదక్షిణలు కూడా చేశాను. అంతటి శ్రద్ధ!

ఆదివారం పొద్దున గోనెపట్ట లాగి చక్రం తీయబోయిన నాయన కేకేశాడు. “ఇదేందే ఇది, పలకలు తేల్తాండాయి?”

అత్త పరుగున వచ్చింది. ఫిడేలు పొట్ట ఒక చోట, వీపు ఒక చోట, మెడ ఇంకో చోట తేలుతున్నాయి. జిగురంతా కరిగిపోయింది. నేను భోరుమన్నాను. “నేనే అత్తా... దప్పికైంటాదని నీళ్లు తాపినా... బిరడాలు బిగుస్తాయని...”

అత్త నన్ను చూసింది, చక్రాన్ని చూసింది, తొట్టి గట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారేటట్టు, పొట్ట పట్టుకుని నవ్వింది. మామ పోయాక ఆమె అట్లా నవ్వడం మా ఇంట్లో ఎవరూ వినలేదు. జేజి వంటింట్లోంచి గరిటెతో వచ్చి, “దీనికేమైంది మే!” అని హడలిపోయింది.

నాయన పలకల్ని ఏరి, వడియాలు ఎండుతున్న మంచం మీద ఆరబెట్టాడో లేదో, కర్నూలు మామ బస్సు దిగి వచ్చాడు, చంకలో లోపల మఖ్మలు గుడ్డ పరిచిన కొత్త పెట్టెతో సహా.

“ఏమమ్మా, ఫిడేలు యాడ?”

“ఆ మంచం మీద ఉండాది బావా, వడియాల పక్కన.”

ఆయన వంగి చూశాడు. “ఇది ఫిడేలా?”

“నిన్నటిదాకా,” అంది అత్త.

“ఈ చెక్కలు నాకెందుకమ్మా, నువ్వే పెట్టుకో,” అని ఆయన కడుపునిండా భోంచేసి వెళ్ళాడు. ఖాళీగా పోతే బాగుండదని జేజి ఆ మఖ్మలు పెట్టె నిండా వడియాలు పోసి పంపింది.

చెక్కల్ని అతికింది మా ఊరి బండ్లు చేసే ఆచారి. ఆయన అంతకుముందు ఫిడేలును ముట్టుకున్నవాడు కూడా కాదు. తోలు ఉడికించిన జిగురుతో అతికి, గుడ్డపేలికలతో కట్టి ఆరబెట్టి, “దీనికి ఎద్దుల్ని కట్టేది లేదు గదమ్మా, నిలబడతాది,” అన్నాడు. నిలబడింది. కానీ మంద్రం తీగ బొంగురుపోయింది.

“జలుబు చేసినాది. వాయిస్తా ఉంటే దిగుతాది,” అని అత్త కమాను నా చేతికిచ్చింది. “చెడగొట్టింది నువ్వు. బాగుచేసేదీ నువ్వే.” నా సంగీతం అట్లా మొదలైంది. ఆ జలుబు దిగడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. పూర్తిగా ఎప్పుడూ దిగలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. ఫిడేలు ఇప్పుడు కడపలో నా దగ్గరే ఉంది. నాలుగు రోజులు తీయకపోతే అలిగి పలకదు. గంటసేపు బతిమాలితే మెల్లగా కరుగుతుంది. మెడ మీద అరిగిన దారిలో ఇప్పుడు నా బొటనవేలు పోతోంది. పోయిన నెల, సంగీతం నేర్చుకునే పక్కవీధి అమ్మాయి విని, “అవ్వా, ఆ మంద్రంలో జీర ఉంది చూడు! కొయ్యకు వయసు మీద వచ్చేది. కొత్తవాటికి ఎంత చేసినా రాదు,” అంది. “అవునమ్మా,” అన్నాను, తొట్టి సంగతి ఎత్తకుండా. అమ్మాయి వెళ్ళాక దేవుడి పటం ముందు లెంపలేసుకుని, అలవాటుగా ఈ సంగతి అత్తకు చెబుదామని వెనక్కి తిరిగాను. గోడ ఉంది. వినేవాళ్ళెవరూ లేరు. మామ వేలు, అత్త వేలు అన్నీ దాచుకున్న ఆ కొయ్య, తొట్టి గట్టు మీది ఆ నవ్వును మాత్రం ఎక్కడ పారేసుకుందో! అప్పుడప్పుడూ ఆ జీర దగ్గర కమాను ఆపి, ఊరికే వింటాను.

ఈ వేసవిలోనూ బిరడాలు జారుతున్నాయి. గాలి మరీ ఎండిపోకుండా గదిలో ఒక గిన్నెతో నీళ్ళు పెడతాను. ఫిడేలును మాత్రం దానికి దూరంగా, గూట్లో పైన ఉంచుతాను. ముసలిదాన్నయ్యాను గానీ, నన్ను నేను ఇంకా పూర్తిగా నమ్మను.