ఎత్తెక్కని దావీదు కారు

అది 2019 ఎండాకాలం. మహబూబ్‌నగర్ ఊరి చివర నా షెడ్డు. అప్పటికి డీజిల్ ఇంజిన్లతో ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను. చుట్టుపక్కల డ్రైవర్లు నన్ను ఉస్తాద్ అంటారు. ఆ పిలుపంటే నాకు గర్వమే, దాచుకోవడం ఎందుకు? స్కానర్ చూపించిన పార్టు పేరు చదివి, అది మార్చేసి పనైపోయిందనుకునే మెకానిక్కులను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు పొద్దున్నే కొల్లాపూర్ నుంచి దావీదు వచ్చాడు. పాత డీజిల్ కారు ఒకటి కొనుక్కుని సొంతంగా ట్యాక్సీ నడుపుకునే మనిషి. తల్లి మార్తమ్మను కంటి దవాఖానలో చూపించాలని వెంట తెచ్చాడు. ఆమె దిగి, నీడలో వేసిన స్టూలు మీద కూర్చుంది.

"పికప్ లేదు ఉస్తాద్," అన్నాడు దావీదు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి అందుకోవడాన్ని మేం పికప్ అంటాం. "నిలవెట్టి రేజ్ చేస్తే మంచిగనే ఉంటది. నలుగురు ఎక్కి ఎత్తు వచ్చిందంటే ముసలి ఎద్దు లెక్క మొరాయిస్తది. మొన్న శ్రీశైలం పోతుంటే ఘాట్ల ప్యాసింజర్లు దిగి, వేరే బండి ఎక్కి పోయిండ్రు."

"ఎవలన్న చూసిండ్రా?"

"ముగ్గురు చూసిండ్రు. ఒకాయన ఎయిర్ ఫిల్టర్ మార్చిండు. ఇంకొకాయన డీజిల్ ఫిల్టర్ మార్చిండు. మూడో ఆయన టర్బో పోయిందన్నడు."

టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే చక్రం. కొత్తది వేయించడం దావీదు వల్ల అయ్యే పని కాదు. "ఎల్లుండి బేరగాడు వస్తడు. నీతోని గూడ కాదంటే కారు ఇచ్చేస్త. మళ్ల ఒకల బండి మీద జీతానికి పోత," అన్నాడు తల దించుకుని.

స్టూలు మీది నుంచి మార్తమ్మ అందుకుంది. "లారీల నిలవడి బొంబాయి పనికి పోయినోళ్లం అయ్యా. మా ఇంట్ల ఎవ్వలకు సైకిల్ గూడ లేకుండె. గీ కారు పోనియ్యకు."

"మధ్యానం కల్లా చెప్త పెద్దమ్మా," అన్నాను. కొంచెం ఎక్కువ ధీమాగానే అన్నాను.

ముందు స్కానర్ తగిలించి, దావీదును పక్కన కూర్చోబెట్టుకుని రైల్వే బ్రిడ్జి ఎత్తు మీదికి పోయాను. నాకు కావలసింది పార్టు పేరు కాదు, ఎయిర్ ఫ్లో. అంటే ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో చెప్పే అంకె. పెడల్ సగం తొక్కితే అంకె పెరిగింది. పూర్తిగా తొక్కితే పెరగాల్సింది పోయి పడిపోయింది. టర్బో పాడైతే ఈల వేస్తుంది, లేదా ఆయిల్ తాగి నీలం పొగ వదులుతుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. పరుగెత్తమని చెప్పి ఎవరో దాని ముక్కు మూస్తున్నారని అర్థమైంది.

షెడ్డుకు వచ్చి ఫిల్టర్ డబ్బాకు ముందుండే గాలి పైపును డబ్బా దగ్గర మాత్రం విడదీశాను. ఫిల్టర్‌ను ముట్టుకోలేదు. పైపు తగిలించకుండా మళ్లీ అదే బ్రిడ్జి ఎక్కించాను.

"గిదేంది ఉస్తాద్, గిట్ల ఉరుకుతాంది?" అన్నాడు దావీదు, సీటు అంచుకు జరిగి.

ఇక రోగం ఆ మూరెడు పైపులోనే ఉంది. దాని మూతి హెడ్‌లైట్ వెనక, పైనుంచి చూస్తే కనపడని చోట ఉంటుంది. హెడ్‌లైట్ విప్పి లోపలికి రెండు వేళ్లు పెడితే మెత్తగా తగిలింది. లాగితే దస్తీ వచ్చింది. ఒకప్పటి తెల్ల చేతిరుమాలు, ఇప్పుడు మసిగుడ్డ. ఊడిపోకుండా దారంతో కట్టి ఉంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినంతసేపూ పక్కకు ఒదిగి ఉండేది. గట్టిగా పీల్చగానే విచ్చుకుని దారి మూసేసేది. బండి ఆపితే మళ్లీ ఒదిగిపోయేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ముగ్గురూ ఇంజినంతా వెతికారు.

దావీదు మొహం ఎర్రబడింది. "గిది మా ట్యాక్సీ అడ్డ మీద సాయిలుగాని పనే. నాకు గిరాకీ అయితాందని కండ్లల్ల నిప్పులు పోసుకుంటాండు. ఇయ్యాల వాని సంగతి చూస్త," అంటూ ఫోన్ తీశాడు.

నేనూ నిజమేననుకున్నాను. కానీ దస్తీ విప్పి చూస్తే మూలన నీలం దారంతో కుట్టిన చిన్న సిలువ ఉంది. కీడు చేసేవాడు సిలువ కుట్టడు కదా. "జర ఆగు. బండి ఎప్పటి సంది గిట్ల చేస్తాంది?" అని అడిగాను.

"ఈస్టర్ ముంగటి మట్టల ఆదివారం దాక మంచిగనే ఉండె. తెల్లారి సంది షురువైంది."

"ఆ ఆదివారం బానెట్ ఎవలు తీసిండ్రు?"

"నేనే. అద్దం కడిగే నీళ్లు పోద్దామని తీసిన. నీళ్లకు ఇంట్లకు పోయొచ్చిన, గంతే."

మార్తమ్మ స్టూలు మీది నుంచి లేచింది. "నేనే పెట్టిన బిడ్డా," అంది.

దావీదు చేతిలో ఫోన్ అట్లాగే ఉండిపోయింది.

"పాస్టరయ్య ప్రార్థన చేసిచ్చిన దస్తీ. ముంగట అద్దానికి కడ్తనంటే, అన్ని మతాలోళ్లు ఎక్కుతరు, వద్దంటివి. నువ్వు నీళ్లకు పోంగనె వంగి చూస్తె, లైటు ఎనక గోడల గూడు లెక్క సందు గనవడ్డది. ఎవ్వలకు కనవడదు గదా అని కట్టిన." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ బండి గొంతు నేనే పిసికిన్నా కొడుకా?"

నిజం చెప్తాను. అప్పటిదాకా ఆ ముగ్గురు మెకానిక్కులకు ఫోన్ చేసి ఎట్లా దెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. ఆమె మొహం చూశాక నా మీద నాకే సిగ్గేసింది.

"పెద్దమ్మా," అన్నాను, "ముగ్గురు మెకానిక్కులకు దొరకని జాగా నీకు దొరికింది. రేపటి సంది నా షెడ్డుకు పనికి రా."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. దావీదు దస్తీ తీసుకుని నల్లా దగ్గరికి పోయి, సబ్బు పెట్టి ఉతికాడు. మసి పూర్తిగా పోలేదు. గట్టిగా పిండి, తెచ్చి ముందు అద్దానికి తనే కట్టాడు. "ఎక్కేటోళ్లు ఎక్కుతరు," అన్నాడు. నేను పైపు బిగించాక తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆ బ్రిడ్జి మళ్లీ ఎక్కి దిగాడు.

రెండు రోజులకు ఫోన్ చేశాడు. "బేరగాడు వచ్చిండు ఉస్తాద్. ఎక్కిచ్చుకుని ఎత్తు మీదికి కొట్టి చూపిచ్చిన. మెచ్చుకున్నడు. అప్పుడు చెప్పిన, కారు అమ్మేది లేదని."

ఆ కారుకు నేను కొత్త పార్టు ఒక్కటీ వేయలేదు. నా ఇన్నేళ్ల పనిలో ఇంత గర్వంగా చెప్పుకునే రిపేరు మరొకటి లేదు. కానీ రోగాన్ని పట్టింది నా స్కానరైతే, దాని కథ చెప్పింది స్టూలు మీద కూర్చున్న మనిషి. అందుకే ఇప్పుడు ఏ బండి వచ్చినా స్కానర్ తీయకముందు, దాంతో వచ్చినవాళ్లకు స్టూళ్లు వేస్తాను.