ప్రెస్‌హాలు బొమ్మ ఆఫీసు గదికి నడిచిన రోజు

ఎనభైల నడుమ సంగతి. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో నాది ఆయిల్‌మన్ పని. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ యంత్రాల బేరింగులకు నూనె పోస్తూ పొద్దంతా తిరగడమే. పదో తరగతి తప్పినవాణ్ణి, అంతకన్నా పెద్ద పని ఎవరిస్తారు? అయితే షిఫ్టు దిగగానే నేను ఇంటికి కాక గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ అడుగు బీరువాలో టెలివిజన్ పనిచేసే తీరు మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీకి మూడేసి సాయంత్రాలు ఖర్చు చేశాను. "నీకంటే ముందు దీన్ని ఎవరూ అడగలేదప్పా" అన్నాడు లైబ్రేరియన్. ఆ మాట నేను చాలామందికి చెప్పుకున్నాను.

మా సావుకారుది ఎమ్మిగనూరు. వారానికి రెండుసార్లు కారులో వచ్చి పోయేవాడు. బేళ్లలో తడి పత్తి వస్తోందని కొన్నవాళ్లు గొడవ పెడుతుంటే, బేళ్లు కట్టేటప్పుడు కనిపెట్టి ఉండడానికని బొంబాయిలో ఒక పాత కెమెరా కొన్నాడు. దాన్ని ప్రెస్‌హాల్లో బిగించాలి. అక్కడ పత్తిని నొక్కి బేలు కట్టే బొమ్మ తీగ గుండా ఆఫీసు గదిలోని టీవీకి చేరాలి. అక్కడ వీసీఆర్‌లో రికార్డు కావాలి. బిగించాల్సిన బొంబాయి మెకానిక్ దీపావళి దాటితే గానీ రానన్నాడు.

"నేను చేస్తా సావుకారా" అన్నాను. నోరు జారిందని వెంటనే అనిపించింది, కానీ అప్పటికే అనేశాను.

సావుకారు నన్నూ, నా చేతిలోని నూనె డబ్బానూ చూశాడు. పాత ఎలక్ట్రీషియన్ గుంతకల్లులో రైల్వే పనికి పోయి మూడు నెలలైంది. అతని గది తాళం వేసి ఉంది.

"ఆయుధపూజ నాటికి బొమ్మ రావల్ల. వస్తే ఆ గదీ ఆ పనీ నీవే. రాకుంటే బొంబాయాయన వస్తాడు, నువ్వు నూనె పోసుకుంటా ఉండు" అన్నాడు.

ఇంట్లో ఈ మాట చెప్తే నా భార్య, "అయితే చేతులకు నూనె కంపు పోతాదా?" అని మాత్రం అడిగింది. నాకు అది చాలా పెద్ద ప్రశ్న.

పన్నెండు రోజులు పనిచేశాను. గాలిలో ఎప్పుడూ దూది నూగు ఎగిరే చోటు కాబట్టి, కెమెరాను ముందు అద్దం ఉన్న రేకు పెట్టెలో పెట్టి గోడకు ఎత్తులో బిగించాను. ప్రెస్‌హాలు నుంచి ఆఫీసు దాకా కేబులు లాగాను. మొదటిసారి బొమ్మ వచ్చింది గానీ, ప్రతి మనిషి పక్కనా ఇంకో మసక మనిషి నిలబడ్డాడు. తీగ చివర సరైన రెసిస్టరు లేకపోతే బొమ్మ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుందని పుస్తకంలో చదివాను. రేడియో షాపులో ఒకటి తెచ్చి పెట్టగానే మసక మనుషులందరూ మాయం. ప్రెస్ మోటారు తిరగగానే రిలే అనే కరెంటు స్విచ్చు దానంతట అదే పడి వీసీఆర్ మొదలయ్యేలా కూడా కట్టాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంతం.

పూజకు ముందు రోజు సాయంత్రం బొమ్మ అద్దంలా ఉంది.

పూజ నాడు ఎనిమిదింటికి టీవీ పెడితే తెర నిండా బూడిద రంగు ముద్ద. సావుకారు పదకొండుకు వస్తాడు.

ఆఫీసు వైపు కేబులు జాయింటు విప్పాను, మళ్లీ బిగించాను. రెసిస్టరు మార్చాను. ఎలుక కొరికిందేమోనని కేబులు పొడుగునా చేత్తో తడుముతూ నడిచాను. మిల్లు నిండా మామిడాకులు, బంతిపూలు. ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ. జిన్నుల దగ్గర పనిచేసే అక్కలు నన్ను చూసి నవ్వారు.

"ఏమప్పా లైబ్రరీ సామీ, పండగ పూట తీగ పట్టుకోని యాడికి పోతాండావు?"

"బొమ్మ పోయిందక్కా."

"పోతే పోనీలే, నీ పుస్తకంలో ఇంకో బొమ్మ ఉంటాది, అది చూపీ!"

మా పెద్ద మేస్త్రీ ముసలాయన, ముస్లిం. మిల్లులో యంత్రాలన్నీ ఆయన చేతి మీదే నిలబడ్డాయి కాబట్టి, ఆయుధపూజకు వాటికి బొట్టు పెట్టేది ఏటా ఆయనే. ఇంకెవరు పెట్టినా అక్కలు ఒప్పుకోరు. ఆయనే నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బేటా, పొద్దన్నుంచి సూస్తాండా. కూసోని ఆలోచన సెయ్, నడిస్తే వస్తాదా?"

పది దాటింది. టీవీ ముందు కూర్చుని ఆ బూడిద ముద్దనే చూశాను. దాని అంచున వేలెడు మేర ఏదో కదులుతోంది. దగ్గరగా వంగాను. ఎవరో అక్క పాదాలు, చీర కుచ్చిళ్లు. నడుస్తున్నాయి! తీగ తెగితే పాదాలు మాత్రం ఎలా వస్తాయి? బొమ్మ వస్తోంది, కెమెరా కంటికే ఏదో అడ్డం పడింది.

పరిగెత్తి నిచ్చెన ఎక్కాను. రేకు పెట్టె అద్దం నడిమధ్య అరచేతి వెడల్పున గంధం, దాని మీద రూపాయంత కుంకుమ. పొద్దుటినుంచి దాని కిందనే పదిసార్లు తిరిగాను, తలెత్తి చూశాను కూడా. అన్ని యంత్రాలకూ బొట్టుంటే దీనికెందుకు ఉందని ఎవరికి తోస్తుంది?

"చాచా! అద్దం మీద పెట్టినావా బొట్టు?" అని కింద ఉన్న మేస్త్రీని కేకేశాను.

"యంత్రానికి మొకం యాడుంటే ఆడ పెట్టల్ల. దీనికి మొకమంతా అద్దమే కదా!"

"తుడిసేస్తా చాచా."

కింద అక్కలు ఒక్కసారిగా, "పూజ కాకుండానే బొట్టు తుడుస్తావా? అరిష్టం!" అన్నారు. గేటు దగ్గర కారు హారను వినిపించింది.

"చాచా, అది మొకం కాదు, కన్ను. కన్ను పైన నుదురుంటాది కదా? ఆ రేకు మీద పెడ్దాం."

మేస్త్రీ "దిగు" అన్నాడు. లుంగీ ఎగ్గట్టి తానే ఎక్కాడు. ముందు రేకు మీద కొత్త బొట్టు పెట్టి, ఆ తర్వాతే భుజం మీది తువ్వాలు తడిపి అద్దం తుడిచాడు. "పెట్టిన్యాక తుడిస్తే తప్పు లేదు" అని అక్కలకు తీర్పు చెప్పాడు.

నేను ఆఫీసు గదికి చేరేసరికి సావుకారు టీవీ ముందు నిలబడి ఉన్నాడు. హాల్లో ఎవరో ప్రెస్ మోటారు ఆన్ చేశారు. టక్కుమని రిలే పడింది, వీసీఆర్ ఎర్ర దీపం వెలిగింది. తెర నిండా మా మేస్త్రీ ముఖం. అద్దాన్ని ఇంకా రుద్దుతూ, ఒక కన్ను మూసి లోపలికి తొంగి చూస్తున్నాడు. సావుకారు పడీపడీ నవ్వాడు.

"రికార్డు ఎవరు నొక్కినారు?"

"ఎవరూ నొక్కలేదు సావుకారా. మోటారు తిరిగితే అదే తిరుగుతాది."

మోటారు ఆపించి చూశాడు, దీపం ఆరిపోయింది. మళ్లీ వేయించాడు, వెలిగింది. అలా నాలుగుసార్లు. పూజారి కొబ్బరికాయ పట్టుకుని వాకిట్లో నిలబడే ఉన్నాడు. చివరికి సావుకారు గుమాస్తాతో, "బొంబాయాయనకు రావద్దని రాసేయ్. ఆ గది తాళం చెవి వీనికియ్యి" అన్నాడు.

పండగ సెలవు అయ్యాక ఎలక్ట్రీషియన్ గది తలుపు తీశాను. బల్ల మీద దుమ్ము దులిపేలోగా జిన్నుల అక్కలు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ముగ్గురి కొంగుల కింద పలకని ట్రాన్సిస్టర్లు, ఒకామె చేతిలో ఆగిపోయిన గోడ గడియారం.

"గడియారం నాకు రాదక్కా" అన్నాను.

"బొమ్మను నడిపిచ్చినోనివి, ముల్లును నడిపియ్యలేవా?" అని దాన్ని బల్ల మీద పెట్టేసి పోయింది. ఆ సాయంత్రం గ్రంథాలయంలో గడియారాల పుస్తకం ఉందా అని అడిగాను.