సిరాజ్ బావ పూసిన సిమెంటు

మా బావ సిరాజ్‌తో కలిసి జెద్దా పాతబస్తీలో నడవడమంత నరకం ఇంకోటి లేదు. పావుగంట దారికి రెండు గంటలు! కనిపించిన ప్రతి గోడ దగ్గరా ఆగి, గోరుతో గీకి, ఇంటాయన్ని బయటికి పిలిచి మరీ తిట్టేవాడు.

"సముద్రపు రాయయ్యా ఇది, దీనికి ఊపిరాడాలి! సున్నం పూయమంటే సిమెంటు కొట్టిస్తావా? నీ నెత్తిన కొట్టించుకోలేకపోయావా?"

యాభై ఏళ్లు సున్నం పనిలోనే చేతులు అరగదీసుకున్నాడు. కానీ సొంతింటి ముందుగోడ ఊసెత్తితే మొహం గంటు పెట్టుకునేవాడు. ఎందుకంటే పాతికేళ్ల వయసులో, ఊళ్లోకి సిమెంటు బస్తాలు దిగిన కొత్తల్లో, మా వీధిలో మొట్టమొదట ఇంటిగోడకి సిమెంటు పూసింది ఆయనే, అదీ ఆ గోడకే. హజ్ యాత్రికులకి గదులు అద్దెకిచ్చే ముందు ఏటా సున్నం వేసే బాధ తప్పిందని వాళ్లమ్మ వీధంతా షర్బత్ పంచింది.

ఇప్పుడా గోడ లోపల చెమ్మ పట్టింది. ఇల్లు కుంగుతోంది. రంజాన్ ముందు, పాతబస్తీ ఇళ్ల బాగోగులు చూసే సర్కారీ ఆఫీసు వాళ్లొచ్చి, "నలభై రోజుల్లో సిమెంటు తీసి సున్నం వేసుకోండి, లేదంటే ఖాళీ చెయ్యండి" అని చెప్పిపోయారు.

బావ పుట్టిందీ పెళ్లి చేసుకుందీ ఆ ఇంట్లోనే. ఉలి పట్టుకుని దిగాడు. మొదటి పెచ్చుతో పాటు రాయీ ఊడొచ్చింది. రెండోదీ అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

"చాలు బావా, గోడ నీ మీదే పడుద్ది!"

"నోర్ముయ్. నా ఇల్లు, నా గోడ."

పై కిటికీలోంచి మా అక్క జవాహిర్ ఊరుకుంటుందా? "ఊరందరి గోడలూ బాగు చేశావు. మన గోడ దగ్గరికొచ్చేసరికి చేతకాలేదేం?" అని దెప్పింది.

మర్నాడు ఆఫీసు ఇంజినీరు వచ్చి గోడ తట్టి చూశాడు.

"ఆపండి బాబాయ్. లోపల రాయంతా పిండైపోయింది. ఇల్లు నిలబడిందే ఈ సిమెంటు మీద. గురువారానికల్లా ఖాళీ చేసెయ్యండి." గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఎవరు పూశారో గానీ మంచి పనివాడు. మీరు కొట్టిన చోట తప్ప ఎక్కడా చిన్న పగులైనా లేదు. ఎవరాయన?"

యాభై ఏళ్ల సున్నం పనికి ఏ ఆఫీసరూ బావని ఒక్క మాట మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆయన ఉలి కింద పెట్టి గుమ్మంలో కూలబడ్డాడు.

"ఎవడో తెలివితక్కువ వెధవ. ఎప్పుడో పోయాడు," అన్నాడు.

నోరు తెరిస్తే ఆగని మా అక్క, కిటికీ రెక్క మూసేసి లోపల సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.